ఫాగింగ్ బండి వచ్చేలోపు: ఒక ఏరియాలో దోమల పని లెక్కలు

#1 కాలనీ_కార్యదర్శి

వానలు మొదలైతే చాలు, కాలనీ గ్రూపుల్లో ఒకటే అడుగుడు: "ఫాగింగ్ బండి ఎప్పుడొస్తది?" బండి వస్తుంది, అరగంట పొగ కమ్ముతుంది, మర్నాటి సాయంత్రానికి దోమలు మళ్లీ మామూలే. అసలు పని ఎక్కడ మొదలవ్వాలో లెక్కలతో తేల్చుకుందామని ఈ చర్చ పెడుతున్నాను.

ఉదాహరణకి ఒక ఏరియా ఊహించుకుందాం. హైదరాబాద్‌లో 6,000 ఇళ్లు. మధ్యలో నాలా, అంచున గుర్రపుడెక్క కమ్మిన చెరువు, తవ్వి వదిలేసిన సెల్లార్లు నాలుగు. పనివాళ్లు 12 మంది, చేతి పంపులు 8, భుజాన వేసుకునే ఫాగింగ్ మిషన్లు 2. జూన్ నుంచి అక్టోబర్ దాకా వీళ్లను ఎలా వాడాలి? ఏ మందు, ఎంత, ఎన్నాళ్లకోసారి? "పరిసరాలు శుభ్రంగా ఉంచుకోండి" లాంటి పోస్టర్ మాటలు మాత్రం వద్దు.

#2 లార్వాగరిటె

ముందు ఏ దోమ అన్నది తేలాలి. అది తేలకుండా మందు గురించి మాట్లాడటం రోగం తెలియకుండా మాత్ర వేయడమే.

మన నగరాల్లో లెక్కలోకి వచ్చేవి మూడు. రాత్రంతా చెవి దగ్గర మోగేది క్యూలెక్స్. మురుగే దాని ఇల్లు: నాలాలు, సెప్టిక్ ట్యాంకులు, గుర్రపుడెక్క కింద నీళ్లు. గుడ్లు తెప్పలాగా ఒకదాన్ని ఒకటి అంటుకుని నీటి మీద తేలతాయి. పగలు కాళ్ల దగ్గర కుట్టేది ఈడిస్ ఈజిప్టై, డెంగీ, చికున్‌గున్యా దీని పనే. దీనికి మురుగు నచ్చదు. డ్రమ్ము, కూలర్, పాత టైరు, పెరట్లో వదిలేసిన రుబ్బురోలు, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా దీని చోట్లు. మూడోది అనాఫిలిస్ స్టెఫెన్సీ, పట్నం మలేరియా దోమ. ఓవర్‌హెడ్ ట్యాంకులు, బావులు దీనివి. (మలేరియా దోమ ద్వారానే వస్తుందనే ఆధారం రొనాల్డ్ రాస్‌కి 1897 ఆగస్టు 20న దొరికింది ఈ ఊళ్లోనే, బేగంపేట భవనంలో. ఆ ఊళ్లోనే మనం ఇంకా ఏ దోమో చూడకుండా పొగ కొడుతున్నాం.)

గుర్తుపట్టడానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు. 300 మిల్లీలీటర్ల తెల్ల గరిటె, అంటే డిప్పర్, నీటి అంచున వాల్చి ముంచండి. లార్వా (గుడ్డు పగిలి వచ్చే దోమ పురుగు) నీటి పైపొరకి సమాంతరంగా పడుకుంటే అనాఫిలిస్. తల కిందికి, గాలిగొట్టం పైకి పెట్టి వేలాడితే మిగతా రెండింట్లో ఒకటి. గొట్టం పొడుగ్గా సన్నగా ఉంటే క్యూలెక్స్, పొట్టిగా లావుగా ఉండి పురుగు పాములా మెలికలు తిరుగుతుంటే ఈడిస్. డిప్పర్ నీడ పడితే లార్వాలు అడుక్కి పోతాయి. సూర్యుడికి ఎదురుగా నిలబడి ముంచి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ముంచాలి. ఒక్కసారి ముంచి "క్లియర్" అని రాసేసిన రిజిస్టర్లను నమ్మొద్దు.

#3 కాలనీ_కార్యదర్శి

కాలం కూడా తేడా ఉంటుందా? ఫిబ్రవరి, మార్చిలో దోమలు విపరీతం, డెంగీ కేసులు మాత్రం ఆగస్టు తర్వాతే.

#4 లార్వాగరిటె

అవి రెండు వేరు సీజన్లు, వేరు దోమలు. చలి తగ్గి ఎండ ముదరకముందు నాలాల్లో ప్రవాహం పడిపోతుంది, మురుగు చిక్కబడుతుంది, కడిగేసే వాన ఉండదు. క్యూలెక్స్‌కి అదే పండగ. మొదటి గట్టి వాన దాన్ని కొంత కొట్టుకుపోయేలా చేస్తుంది. అదే వాన ఇళ్ల చుట్టూ ఉన్న గిన్నెలూ టైర్లూ నింపి ఈడిస్‌కి తలుపు తీస్తుంది. జనం ఫిర్యాదులు మార్చిలో ఎక్కువ, ప్రమాదం సెప్టెంబర్‌లో ఎక్కువ. ఫిర్యాదుల లెక్కన మనుషుల్ని పంపితే తప్పు నెలలో తప్పు నీటి దగ్గర ఉంటారు.

#5 డీజిల్‌పొగ

ఫాగింగ్‌ను అందరూ తిడతారు కాబట్టి దాని తరఫున నేనే మొదలుపెడతా. ఫాగింగ్ పని చేస్తుంది, చేయాల్సినట్టు చేస్తే.

మిశ్రమం: టెక్నికల్ (ఏమీ కలపని) మలాథియాన్ 1 లీటరు, డీజిల్ 19 లీటర్లు. 5 శాతం అవుతుంది. ముందు డీజిల్ సగం పోసి, మందు కలిపి, తర్వాత మిగతాది. మందు ముందు పోస్తే అడుగున ఉండిపోతుంది, మొదటి వీధికి చిక్కటి మందు, ఆఖరి వీధికి ఉత్త డీజిల్ పొగ.

సమయం: నేల చల్లగా, పై గాలి కాస్త వెచ్చగా ఉన్నప్పుడే పొగ నేలబారున నిలుస్తుంది. పొద్దున్నే, లేదా పొద్దు వాలాక. మధ్యాహ్నం కొడితే వేడి నేల పొగను పైకి లేపేస్తుంది, మూడో అంతస్తు దాటాక అది ఎవరికీ పనికిరాదు. గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటితే మిషన్ ఆపండి. గాలి ఎటు పోతోందో ఆ చివర మొదలుపెట్టి గాలికి ఎదురుగా రావాలి, లేకపోతే కొట్టేవాడే ముందు పీలుస్తాడు. బండి మీద మిషనైతే వేగం గంటకు 6 నుంచి 8 కిలోమీటర్లు. బండి పరుగెత్తిందంటే డోసు పడనట్టే.

ఇక చెడేది ఎక్కడ: నాజిల్‌లో మసి పేరుకుంటే బొట్లు పెద్దవవుతాయి. రోడ్డు మీద నూనె చుక్కలు కనిపిస్తే అది ఫాగింగ్ కాదు, డీజిల్ చల్లడం. బొట్టు 15 మైక్రాన్ల లోపు ఉంటేనే గాలిలో తేలి ఎగిరే దోమకి తగులుతుంది. ప్రతి 2 ట్యాంకులకు ఒకసారి రెసొనేటర్ గొట్టం (మిషన్ పొడుగాటి పొగ గొట్టం), నాజిల్ గోకాలి. అది ఎవరూ చేయరు.

#6 లార్వాగరిటె

అన్నా, మిషన్ గురించి మీరు చెప్పింది సరే. కానీ పొగ వచ్చేసరికి ఇళ్లవాళ్లు కిటికీలు మూస్తారు. ఈడిస్ ఆ టైముకి మంచం కింద, కర్టెన్ వెనక, బీరువా పక్క చీకట్లో కూర్చుని ఉంటుంది. పొగ రోడ్డు మీద, దోమ ఇంట్లో. పైగా పొగకి మిగులు శక్తి లేదు, గంట తర్వాత ప్యూపా (లార్వాకీ దోమకీ మధ్య దశ) చీల్చుకుని వచ్చిన కొత్త దోమకి ఏమీ కాదు. లార్వాకీ ప్యూపాకీ సరేసరి.

#7 డీజిల్‌పొగ

ఒప్పుకుంటా. కానీ ఈ లెక్క కూడా చూడండి. డెంగీ రోగిని కుట్టిన దోమ వెంటనే రోగం పంచలేదు. వైరస్ దాని ఒంట్లో పాకి లాలాజలం దాకా రావడానికి 8 నుంచి 12 రోజులు. అంటే ముసలి దోమే ప్రమాదం. కేసు వచ్చిన చోట పెద్ద దోమల్లో సగం చచ్చినా ఆ ముసలివాటి లెక్క బాగా పడిపోతుంది. కాబట్టి ఫాగింగ్ ఊరంతా తిరిగే పూజ కాదు, కేసు దగ్గర వాడే ఆయుధం.

#8 లార్వాగరిటె

ఈ వాక్యం మీద మనిద్దరికీ తగాదా లేదు.

#9 ల్యాబ్_కిటికీ

కేసు దగ్గర అన్నారు కాబట్టి, కేసు ఎప్పుడు తెలుస్తుందో చెప్తాను. మొత్తం గొలుసులో తెగేది ఇక్కడే.

దోమ కుట్టాక జ్వరం రావడానికి మామూలుగా 4 నుంచి 7 రోజులు. మనిషి రక్తంలో వైరస్ జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, జ్వరం మొదలైన నాలుగైదు రోజుల దాకా ఉంటుంది. ఆ వారమే అతన్ని కుట్టే దోమలకు అంటుతుంది. జ్వరం మొదటి 5 రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష (వైరస్ ప్రోటీన్‌ని పట్టేది), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో పుట్టిన యాంటీబాడీని పట్టేది). ప్రభుత్వ లెక్కకి ల్యాబ్‌లో ఎలైజా పద్ధతిలో తేలిందే కేసు, ర్యాపిడ్ పరీక్ష కార్డు మీద గీత వస్తే అది అనుమానితం మాత్రమే. ఇప్పుడు కూడండి: రోగి మూడో రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాడు, శాంపిల్ వెళ్లి ఎలైజా తేలడానికి రెండు మూడు రోజులు, జాబితా మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకి దిగడానికి ఇంకో రోజు. జ్వరం మొదలైన ఏడో రోజున బృందం గుమ్మం ముందు. అప్పటికి అతన్ని కుట్టిన మొదటి దోమలు రోగం పంచే వయసుకి వచ్చేశాయి.

కాబట్టి నిర్ధారణ కోసం ఆగకండి. అనుమానిత జాబితా వచ్చిన రోజే కదలాలి. నిర్ధారణ రిపోర్టుకి, చర్యకి కాదు.

ఇంకొకటి, అడ్రస్. జాబితాలో రాసింది ఆధార్ అడ్రస్ కావచ్చు, హాస్టల్ కుర్రాడికి సొంత ఊరిది. ఈడిస్ పగలు కుడుతుంది కనుక గత రెండు వారాల్లో పగలు ఎక్కడ ఉన్నారో అడగాలి: బడి, కోచింగ్ సెంటర్, షాపు. ఒకే కోచింగ్ సెంటర్ నుంచి మూడు జ్వరాలుంటే ఆ మూడు ఇళ్ల చుట్టూ పొగ కొట్టి లాభం లేదు.

#10 సుజాత_ఫీల్డ్

కేసు ఇంట్లో ఏం చేస్తారో ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. అక్కడ వాడేది వీధి పొగ కాదు, ఇంటి లోపల పైరెత్రం స్ప్రే. 2 శాతం పైరెత్రం ద్రావణం 1 లీటరు, కిరోసిన్ 19 లీటర్లు, 0.1 శాతం వస్తుంది. ఆ ఇల్లు, చుట్టూ ఓ 50 ఇళ్లు. స్ప్రే ముందు పొయ్యి, దేవుడి దీపం ఆర్పించాలి. కిరోసిన్ అది, నిప్పుతో ఆటలొద్దు. తిండి, తాగునీళ్లు మూత. ఫ్యాన్ ఆఫ్. మంచం కింద, బట్టల వెనక కొట్టి, తలుపులు మూసి అరగంట ఉంచి, తర్వాత తెరిచి గాలి ఆడనివ్వాలి.

అదే రోజు ఆ 50 ఇళ్లలో నీళ్లన్నీ వెతకాలి. ఇది మానేసి స్ప్రే ఒక్కటే కొడితే వారం తిరగకముందే కొత్త దోమలు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. స్ప్రే మళ్లీ 7 నుంచి 10 రోజులకి ఒకసారి.

#11 పూడిక_ఇంజనీర్

నాలా సంగతి. మందు కొట్టేవాళ్లూ పూడిక తీసేవాళ్లూ వేర్వేరు విభాగాలు, ఒకరి తేదీ ఇంకొకరికి తెలియదు. ఇవాళ ఎంఎల్ ఆయిల్ (లార్వాని చంపే నూనె) కొడతారు, రేపు జేసీబీ వచ్చి అదంతా తోడేస్తుంది. డబ్బు నీళ్లలోకి, నిజంగానే.

పారే నీళ్లలో లార్వా ఉండదు. ప్రవాహం ఆగిన చోటే ఉంటుంది: కల్వర్టు ముందు చెత్త అడ్డుపడిన మడుగు, అడుగు కుంగిన చోట, క్యాచ్‌పిట్ (రోడ్డు నీళ్లు దిగే గుంత) అడుగున. కాబట్టి వరస ఇది: ముందు చెత్త తీయాలి, తర్వాత పూడిక, ఆ తర్వాత వాలు చూడాలి, అప్పటికీ నీళ్లు నిలిచే చోట మాత్రమే మందు. తీసిన పూడికను గట్టు మీద పెట్టి వెళ్లిపోతే ఒక్క వానకి మళ్లీ లోపలికే. నీరు ఓడిన వెంటనే, 48 గంటలు దాటకుండా ఎత్తేయించాలి.

అడుగున సిమెంట్ వేసిన వెడల్పాటి నాలాకి ఎండాకాలం ఒక రోగం: కాస్త నీళ్లు అడుగంతా పల్చగా పరుచుకుని ఆగుతాయి. మధ్యలో చిన్న వి ఆకారం కాలువ దించితే ఆ కొద్ది నీరూ వేగంగా పోతుంది. కొత్త డిజైన్లలో ఇది అడగండి, మందు ఖర్చు ఏళ్ల తరబడి తగ్గుతుంది.

#12 బెజవాడ_కాల్వలు

విజయవాడలో ఇదే సంగతి తిరగబడుతుంది. బందరు, ఏలూరు, రైవస్ కాల్వలు పారినన్నాళ్లు దోమలకి అంత అదును కాదు. ఎండాకాలం కాల్వలు కట్టేశాక అడుగున గుంటల్లో నీళ్లు, దాంట్లో ఇళ్ల మురుగు, పైన ప్లాస్టిక్. అప్పుడు చూడాలి క్యూలెక్స్. కాల్వ కట్టేసే తేదీ నీటిపారుదల శాఖ దగ్గర ముందే ఉంటుంది. కట్టేసిన వారంలోపు గుంటలకి గండి కొట్టి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నీళ్లు దింపితే, మందు కొట్టాల్సిన చోట్లు సగానికి పైగా పోతాయి. మే నెలలో హడావిడి పడితే అప్పటికి మూడు తరాల దోమలు లేచి ఉంటాయి.

#13 కాలనీ_కార్యదర్శి

మందుల లెక్కలు ఒకచోట ఎవరైనా రాస్తారా? డబ్బా మూతతో పోసే పద్ధతి చూస్తే భయమేస్తోంది.

#14 సుజాత_ఫీల్డ్

రాస్తాను. మూత పద్ధతి నిజంగానే ప్రమాదం, కింద చెప్తా.

టెమిఫాస్ 50 శాతం ఈసీ (నీళ్లలో కలిపే చిక్కటి ద్రవం), అందరూ అబేట్ అనేది: 10 లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్లు. మిల్లీలీటర్ల సిరంజితో కొలవాలి. నిలిచిన నీటి అంచు వెంట మీటరుకి 20 మిల్లీలీటర్ల ద్రావణం. అంటే 10 లీటర్ల పంపు 500 మీటర్లకి వస్తుంది. 100 మీటర్లకే ఖాళీ అయిందంటే నాజిల్ అరిగిపోయింది. వారానికోసారి.

వాడుకునే నీళ్లలో వేయాల్సి వస్తే లక్ష్యం లీటరుకి 1 మిల్లీగ్రాము, అదే పైహద్దు. 1 శాతం గుళికలైతే 10 లీటర్లకి 1 గ్రాము, 200 లీటర్ల డ్రమ్ముకి 20 గ్రాములు. అదే 50 శాతం ఈసీ అయితే 200 లీటర్లకి 0.4 మిల్లీలీటరే. ఇప్పుడు మూత సంగతి: 10 మిల్లీలీటర్ల మూతెడు ఒక డ్రమ్ములో పోస్తే 25 రెట్లు ఎక్కువ. వాసనకి ఆ ఇల్లాలు నీళ్లు పారబోసి డ్రమ్ము మళ్లీ నింపుకుంటుంది. మందు నాలా పాలు, ఆ ఇంటి తలుపు మనకి శాశ్వతంగా మూత. తాగే నీళ్లలో ఏదీ వేయకండి, మూత వేయించండి, తోమించండి.

ఎంఎల్ ఆయిల్: నీళ్లు కలపకుండా, మీటరుకి 20 మిల్లీలీటర్లు, లీటరు 50 మీటర్లకి. మురుగు గుంటలకే. వారానికోసారి.

బీటీఐ పొడి (5 శాతం): హెక్టారుకి 7.5 కిలోలు, రెండు వారాలకోసారి. ఇది బ్యాక్టీరియా మందు, లార్వా మింగితేనే చస్తుంది. ముందు కాసిని నీళ్లలో ముద్దలా కలిపి తర్వాత పల్చన చేయకపోతే నాజిల్ పట్టేస్తుంది. మురుగు చిక్కగా ఉంటే అడుక్కి దిగిపోయి ఫలితం తగ్గుతుంది.

#15 లార్వాగరిటె

సుజాత గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. ప్యూపా తినదు. కామా ఆకారంలో తిరుగుతుంటుంది చూడండి, అది. బీటీఐ దానికి పని చేయదు, టెమిఫాస్ కూడా దాదాపు అంతే. గరిటెలో ప్యూపాలు ఎక్కువగా కనిపిస్తే ఆ వారం నూనె పొరే మార్గం, దాని గాలిగొట్టాలు మూసుకుని చస్తుంది. డ్రమ్ములో కనిపిస్తే ఏ మందూ వద్దు, నేల మీద పారబోయండి. "మందు కొట్టినా దోమలు లేచాయి" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే: కొట్టిన రోజే సగం ప్యూపాలు.

కొట్టిన 24 నుంచి 48 గంటల్లో అదే చోట మళ్లీ గరిటె ముంచాలి. ఆ రెండో ముంచుడు ఎవరి డ్యూటీలోనూ రాసి ఉండదు, అందుకే ఎవరికీ ఏది పని చేసిందో తెలియదు.

#16 చెరువుకట్ట

ఆయిల్ బాల్స్ గురించి ఎవరూ అనలేదే? రంపపు పొట్టు పాత గుడ్డలో పిడికిలంత మూటకట్టి, వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ఒక రాత్రంతా నానబెట్టి గుంటల్లో వేస్తారు.

#17 పూడిక_ఇంజనీర్

ఖాళీ ప్లాటులో ఆగిన మురుగు గుంటకి, పాడుబడిన సెల్లార్‌కి సరిపోతాయి. నూనె మెల్లగా ఊరుతుంది, వారం పది రోజులు పొర నిలుస్తుంది. కానీ నీటి మీద చెత్త, గడ్డి ఉంటే పొర అతుక్కోదు, గాలికి ఓ మూలకి చేరుతుంది. పారే నాలాలో వేస్తే కింద చెరువుకి పోతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో సీసం లాంటి లోహాలుంటాయి, బావిలో చెరువులో అస్సలు వద్దు. ఫొటోకి బాగుంటాయని నాలాలో విసురుతున్నారు, అదే బాధ.

#18 చెరువుకట్ట

సరే. అయితే చెరువు నా వంతు.

గుర్రపుడెక్క ఉన్నంతకాలం మందు వృథా. ఆకుల గొడుగు కింద నీళ్లకి స్ప్రే తగలదు, డ్రోన్‌తో కొట్టినా ఆకు మీదే పడుతుంది. గుళికల రూపంలో వేస్తే కొంత దిగుతుంది. మిషన్‌తో తీయించేటప్పుడు రెండు సంగతులు: తీసింది గట్టు మీద నీటికి ఆనుకుని వదిలితే బతికి మళ్లీ దిగుతుంది, కనీసం అలుగు మట్టానికి పైన ఎండబెట్టాలి. రెండోది, సగం తీసి బిల్లు పెట్టుకుని పోతే రెండు మూడు వారాల్లో ఆ సగం మళ్లీ నిండుతుంది, అంత వేగంగా రెట్టింపవుతుంది అది. దానికి తిండి మన మురుగే. చెరువులోకి మురుగు వచ్చే తూము మళ్లించకుండా గుర్రపుడెక్క తీయడం గడ్డం గీసుకోవడం లాంటిది.

తీసేసిన తర్వాత అంచులు నిలువుగా కోయించాలి. పల్లంగా గడ్డి మొలిచిన అంచు అడుగు లోతు నీళ్లే లార్వాకి ఇష్టం. మధ్యలో అలలు, చేపలు దాన్ని బతకనివ్వవు.

#19 కాలనీ_కార్యదర్శి

లార్వాని తినే గంబూసియా చేపలు వదిలితే?

#20 చెరువుకట్ట

చెరువులో వద్దు. అది మన చేప కాదు, 1928లో ఇటలీ నుంచి తెచ్చారు. ఆకలిగా ఉంటే లార్వాతో పాటు మిగతా చేపల గుడ్లు, కప్ప పిల్లల్ని కూడా తింటుంది. కొరమీను ఉన్న చెరువులో అదే ముందు మాయమవుతుంది. మురుగు చెరువులో ఆక్సిజన్ చాలదు.

పనికొచ్చేది మూసి ఉన్న చోట: వాడని బావి, ఆగిపోయిన ఫౌంటెన్, సిమెంట్ తొట్టి. మీటరు పొడుగుకి 5 నుంచి 10 చేపలు. ఎదిగిన చేప రోజుకి 100 నుంచి 300 లార్వాలు తింటుంది. నీళ్లు కాస్త మురికైతే గప్పీ చేప మేలు. పొద్దున్నే తరలించాలి, డబ్బా సగమే నింపాలి. డబ్బాను తొట్టి నీళ్లలో పావుగంట తేలనిచ్చి, వేడి సమానమయ్యాకే వదలాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లతో అప్పుడే నింపిన తొట్టిలో వదిలితే తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా.

#21 మెష్‌మేస్త్రి

సెల్లార్లు, కట్టే బిల్డింగుల గురించి. ఏ కాలనీలోనైనా ఈడిస్ పుట్టిల్లు కట్టే బిల్డింగే. క్యూరింగ్ కోసం స్లాబ్ మీద కట్టిన మడులు, లిఫ్ట్ గుంత, ఇటుకలు తడిపే తొట్టి, డ్రమ్ములు. స్లాబ్ మీద నీళ్లు వారం దాటి అలాగే ఉంచకుండా, ఆరో రోజు ఒకసారి పూర్తిగా దించి ఎండనిచ్చి మళ్లీ కట్టుకోవచ్చు, కాంక్రీటుకి ఒక పూటలో ఏమీ కాదు. లేదా గోనె పట్టాలు పరిచి తడపండి, నీళ్లు నిలవవు. లిఫ్ట్ గుంతకి ఒక చిన్న సంప్ పంపు పెట్టి ఫ్లోట్ స్విచ్ తగిలిస్తే సరి. తవ్వి ఆపేసిన సెల్లార్‌లో ఊట నీళ్లు తోడినా మళ్లీ వస్తాయి, అక్కడ రెండు వారాలకోసారి బీటీఐ, లేదా గప్పీలు.

ముంబయిలో ఓవర్‌హెడ్ ట్యాంకులకి దోమ దూరని మూత, తనిఖీకి వచ్చేవాడు ఎక్కడానికి నిచ్చెన పెట్టమంటారు. అక్కడి మలేరియా మీద డాక్టర్ బెంట్లీ 1911 నివేదికలో బావులే మలేరియా పుట్టిళ్లని తేల్చాక పడిన అలవాటది. మన దగ్గర ట్యాంకు మీదకి ఎక్కే దారే లేనప్పుడు ఎవరు చూస్తారు? "ట్యాంకు: సరిగా ఉంది" అని కింద నిలబడే రాసుకుని పోతారు.

#22 ల్యాబ్_కిటికీ

ఒకే మందు ఏళ్ల తరబడి కొట్టే చోట ఒక పరీక్ష తప్పదు. ఆ ఏరియాలో పట్టిన దోమల్ని మందు అద్దిన కాగితం ఉన్న గొట్టంలో గంటసేపు పెట్టి, 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత: 98 శాతం పైన చస్తే మందు పని చేస్తున్నట్టు, 90 కంటే తక్కువైతే దోమ మొండికేసినట్టు, మధ్యలో ఉంటే మళ్లీ చూడాలి. పరీక్ష లేకుండా "డోసు పెంచండి" అనడం మొండి దోమని ఇంకా మొండిది చేయడమే. మందు రకం మార్చాలి, కంపెనీ పేరు మార్చడం కాదు. మలాథియాన్, టెమిఫాస్ రెండూ ఒకే కుటుంబం, లార్వాకి ఒకటి, పెద్ద దోమకి ఇంకొకటి వాడితే మార్చినట్టు కాదు. లార్వాకి బీటీఐ, పెద్దదానికి పైరెత్రం కుటుంబం, అలా విడదీయాలి.

#23 నల్లకుంట_నవీన్

వోల్‌బాకియా బ్యాక్టీరియా ఎక్కించిన దోమలు వదిలితే ఇదంతా అక్కర్లేదు కదా? ఇండోనేసియాలో డెంగీ బాగా తగ్గిందని చదివాను.

#24 ల్యాబ్_కిటికీ

యోగ్యకర్తలో 77 శాతం తగ్గింది, ట్రయల్ పద్ధతిగా చేశారు, నమ్మొచ్చు. పుదుచ్చేరిలోని వీసీఆర్‌సీ (దోమల లాంటి రోగవాహకాల పరిశోధన కేంద్రం) కూడా మన ఈడిస్‌లో ఆ బ్యాక్టీరియా ఎక్కించిన రకాలు తయారుచేసింది. కానీ అది ఈడిస్ పంచే వైరస్‌కే మందు. రాత్రి మిమ్మల్ని పీకే క్యూలెక్స్‌కి దానితో సంబంధం లేదు, క్యూలెక్స్‌లో సహజంగానే ఒక రకం వోల్‌బాకియా ఉంటుంది. పైగా వదిలే నెలల్లో మీరే ఫాగింగ్ కొడితే వదిలినవాటిని మీరే చంపుకుంటారు. కాలనీకి "ఇన్ని వారాలు పొగ ఉండదు" అని చెప్పి ఒప్పించగలరా?

#25 కాలనీ_కార్యదర్శి

ఒప్పించలేను.

సరే, ఇప్పటిదాకా చదివి నా 12 మంది లెక్క వేశాను. ఒకరు రోజుకి 60 ఇళ్లు చూస్తారనుకుంటే, 12 మందినీ ఇళ్లకే పంపినా 6,000 ఇళ్లకి 8 రోజులు దాటుతుంది. గుడ్డు నుంచి దోమ 7 నుంచి 10 రోజులు. అంటే పూర్తి వారపు చుట్టు మనుషులతో సాధ్యం కాదు.

#26 సుజాత_ఫీల్డ్

అవును, అందుకే అన్ని ఇళ్లకీ ఒకే పని కాదు. ఆరుగురిని ఇళ్లకి ఇవ్వండి, వారానికి 2,160. మొదటి చుట్టు 17 పని దినాలు, మే నెలలోనే పూర్తి చేయాలి. ఆ చుట్టులో ప్రతి ఇంటికీ గోడ మీద సుద్దతో గుర్తు: తోమలేని పెద్ద నీటి పాత్ర ఉన్న ఇల్లు, టైర్ల షాపు, నర్సరీ, పాత సామాన్ల కొట్టు, తాళం వేసిన ఇల్లు. ఐదో వంతు ఇళ్లు అలాంటివి అనుకుంటే 1,200. ఆరుగురికి మూడున్నర రోజుల పని, అది వారం వారం తిరగొచ్చు. మిగతా ఇళ్లకి ఆదివారం 10 గంటలకు పది నిమిషాలు ఎవరి నీళ్లు వాళ్లే చూసుకునే పద్ధతి సరిపోతుంది, ఒక షరతు మీద: పారబోయడం కాదు, తోమడం. ఈడిస్ గుడ్లు నీటి అంచుకి పైన గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు పారబోసి మళ్లీ నింపితే గుడ్లకి మనమే పురుడు పోసినట్టు. గట్టి బ్రష్షు, అంచు చుట్టూ, ఎండలో బోర్లించడం.

పని జరుగుతోందో లేదో చూడటానికి నెలకోసారి 200 ఇళ్లు చీటీలు తీసి చూడండి. ఉదాహరణకి 200 ఇళ్లలో 24 ఇళ్లలో లార్వా, మొత్తం 38 పాత్రల్లో: హౌస్ ఇండెక్స్ (నూరు ఇళ్లలో లార్వా ఉన్న ఇళ్లు) 12, బ్రెటో ఇండెక్స్ (నూరు ఇళ్లకి లార్వా ఉన్న పాత్రలు) 19. హౌస్ ఇండెక్స్ 10 దాటితే ప్రమాదం, 1 లోపు, బ్రెటో 5 లోపు ఉంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకోవచ్చు. చూసేవాళ్లు మాత్రం ఆ ఏరియా పనివాళ్లు కాకూడదు.

#27 డీజిల్‌పొగ

నలుగురిని నాలా, చెరువు అంచులకి, ఇద్దరిని జ్వరాల జాబితా వెంట. ఫాగింగ్ మిషన్లు ఆ ఇద్దరి దగ్గరే ఉంచండి, జాబితా వచ్చిన రోజు మాత్రమే స్టార్ట్. పొగ కావాలని కార్పొరేటర్ ఫోన్ చేస్తే లార్వాగరిటె గారి నెంబర్ ఇవ్వండి.

#28 కాలనీ_కార్యదర్శి

అలాగే :) సెల్లార్లు నాలుగూ సోమవారం పెడుతున్నా.

#29 పూడిక_ఇంజనీర్

వారం పేరు కంటే వాన లెక్క పట్టండి. గట్టి వాన పడ్డ మూడో రోజు ఒకరిని ఏరియా అంతా నడిపించండి, నీళ్లు ఇంకా ఎక్కడ ఉన్నాయో అవే ఆ వారం చోట్లు. మీ నాలుగు సెల్లార్లు ఏడవుతాయి, తవ్విన కేబుల్ గుంతలు కూడా దొరుకుతాయి.

#30 మెష్‌మేస్త్రి

సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టాలు మర్చిపోయారు. మార్చిలో మీ కాలనీని పీకే క్యూలెక్స్‌లో మంచి వాటా వాటిదే. గొట్టం మూతికి 1.2 మిల్లీమీటర్ల లోపు రంధ్రాల నైలాన్ నెట్, క్లాంప్‌తో బిగించి. తీగతో కట్టిందైతే గాలికి జారుతుంది. జీఐ (జింకు పూత ఇనుప) మెష్ వద్దు, ట్యాంకు గ్యాసులకి తుప్పు పట్టి ఏడాది తిరక్కముందే చిల్లులు పడుతుంది. నైలాన్ ఎండకి పెళుసవుతుంది, అందుకని ప్రతి జనవరిలో మార్చాలి. మెట్ల వైపు మ్యాన్‌హోల్ మూత పగిలి ఉంటే పైన నెట్ కట్టీ లాభం లేదు, ముందు ఆ మూత చూడండి.